మూడక్షరాల వేలిపట్టు: డీఎన్‌ఏలో జింక్ ఫింగర్ తన చోటును గుర్తుపట్టే తీరు

క్లుప్తంగా

జింక్ ఫింగర్ అంటే సుమారు 30 అమైనో ఆమ్లాలతో ఏర్పడే చిన్న ప్రోటీన్ మడత. అందులోని జింక్ అయాన్ డీఎన్‌ఏను తాకదు, మడత విడిపోకుండా పట్టి ఉంచుతుంది. డీఎన్‌ఏను చదివేవి ఆ మడతలోని ఆల్ఫా హెలిక్స్ (స్ప్రింగులా మెలితిరిగిన భాగం) మీద ఉన్న మూడు నాలుగు అమైనో ఆమ్లాలు. ఒక్కో వేలు, అంటే ఒక్కో మడత, డీఎన్‌ఏలోని నాలుగు రకాల అక్షరాల్లో (అడెనిన్–ఏ, థైమిన్–టీ, గ్వానిన్–జీ, సైటోసిన్–సీ) దాదాపు మూడింటిని పట్టుకుంటుంది, అయితే ఏ వేలూ పక్క వేలితో నిమిత్తం లేకుండా చదవదు. పుస్తకంలో తేలికగా కనిపించే ఈ పద్ధతి ప్రయోగశాలలో మొండికేయడానికి కారణం అక్కడే ఉంది.

వార్తల్లో కత్తెర, దాని వెనక వేలు

సికిల్ సెల్ రక్తహీనతకు క్రిస్పర్ చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా ఆమోదించాయి. విశాఖపట్నానికి ఇది దూరపు వార్త కాదు. ఒకప్పుడు విశాఖ మన్యంగా ఉండి 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరుపడిన పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఈ వ్యాధి ఉంది. పెద్ద వైద్యం అవసరమైతే ఆ కుటుంబాలు ఎక్కువగా ఘాట్ రోడ్డు దిగి వచ్చేది విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికే. దేశవ్యాప్తంగా 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం వల్ల ఈ వ్యాధి పేరు ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ మందికి తెలుసు.

కొత్త చికిత్సను ‘జన్యు కత్తెర’ అని వర్ణించడం అలవాటైపోయింది. ఆ మాట తప్పు కాదు గాని, దానివల్ల ఒక అపోహ స్థిరపడింది. కత్తెర వ్యాధికారక లోపాన్నే కత్తిరించి తీసేస్తుందని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి అది వ్యాధికి మూలమైన బీటా గ్లోబిన్ జన్యువును ముట్టుకోదు. బీసీఎల్11ఏ అనే వేరొక ప్రోటీన్ ఎర్ర రక్తకణాల మూలకణాల్లో తయారు కావడానికి తోడ్పడే ఒక డీఎన్‌ఏ భాగాన్ని తెంచుతుంది. బీసీఎల్11ఏ ఒక జింక్ ఫింగర్ ప్రోటీన్. శిశువు పుట్టిన కొన్ని నెలల్లోపు గర్భస్థ హిమోగ్లోబిన్ తయారీని ఆపించేది ఇదే. దాదాపు 320 కోట్ల అక్షరాల మానవ జన్యుపటంలో గర్భస్థ హిమోగ్లోబిన్ జన్యువు ముంగిట ఉన్న ఆరు అక్షరాలను అది ఎలా పోల్చుకుంటుందన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, కత్తెర ఏ పనికి అడ్డు పడుతోందో కూడా తెలుస్తుంది.

కప్ప గుడ్డులో దొరికిన తొమ్మిది వేళ్లు

ఆఫ్రికా దేశాల్లో ఉండే జెనోపస్ అనే కప్ప గుడ్డు కణాల్లో టీఎఫ్‌3ఏ అనే ప్రోటీన్ సమృద్ధిగా దొరుకుతుంది. రైబోసోముకు కావలసిన 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ తయారీని మొదలుపెట్టించడం దాని పని. ఈ ప్రోటీన్ పనిచేయడానికి జింక్ తప్పనిసరి అని 1980ల మొదట్లోనే తేలింది. కేంబ్రిడ్జ్‌లోని ఎంఆర్‌సీ మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలలో ఆరన్ క్లూగ్ బృందం 1985లో ఆ ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుసను పరిశీలించి, సుమారు 30 అమైనో ఆమ్లాల నమూనా ఒకటి అందులో తొమ్మిదిసార్లు పునరావృతమవుతోందని గమనించింది. ప్రతి నమూనాలోనూ రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు అనే అమైనో ఆమ్లాలు ఇంచుమించు ఒకే ఎడంతో ఉన్నాయి. ఆ నాలుగూ కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుని ఉంటాయని, అలా ఏర్పడిన ఒక్కో ముడి ఒక్కో వేలిలా డీఎన్‌ఏను పట్టుకుంటుందని ఆ బృందం ఊహించింది. ‘జింక్ ఫింగర్’ అన్న పేరు ఆ పట్టు నుంచి వచ్చింది. క్లూగ్‌కు 1982లో వచ్చిన నోబెల్ బహుమతికి దీనితో సంబంధం లేదు. అది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పద్ధతులకు ఇచ్చినది.

జింక్‌కు తెలుగు పుస్తకాల్లో యశదం అనే మాట ఉంది. కానీ హిందుస్థాన్ జింక్ కర్మాగారం ఏళ్ల తరబడి నడిచిన విశాఖలో యశదం అంటే అర్థమయ్యేవారు తక్కువ, జింక్ అంటే తెలియనివారు ఉండరు. ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడుతున్నది అందుకే.

జింక్ చేసే పని, చేయని పని

ప్రోటీన్లు సాధారణంగా నీటికి దూరంగా ఉండే భాగాలను లోపలికి ముడుచుకుని స్థిరమైన ఆకారం తెచ్చుకుంటాయి. ముప్పై అమైనో ఆమ్లాలు మాత్రమే ఉన్న చిన్న గొలుసుకు అలా ముడుచుకోవడానికి సరిపడా సరుకు ఉండదు. ఆ లోటును జింక్ తీరుస్తుంది. గొలుసు ముందు భాగం రెండు పాయల బీటా మడతగా, వెనుక భాగం ఆల్ఫా హెలిక్స్‌గా ఉంటాయి. ముందు భాగంలోని రెండు సిస్టీన్లు, హెలిక్స్‌లోని రెండు హిస్టిడిన్లు నాలుగు దిక్కుల నుంచి ఒకే జింక్ అయాన్‌ను పట్టుకోవడంతో రెండు భాగాలూ ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఈ ఆకారాన్ని జెరెమీ బర్గ్ 1988లో, ప్రయోగాత్మక చిత్రం రాకముందే, తెలిసిన ఇతర లోహ ప్రోటీన్లతో పోల్చి ఊహించగలిగారు. మరుసటి ఏడాది ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంతో అణువుల ఆకారం కనిపెట్టే పద్ధతి) ద్వారా వచ్చిన చిత్రం ఆ ఊహను నిజం చేసింది. జింక్‌ను రసాయనికంగా లాగేస్తే మడత విప్పుకుపోతుంది, డీఎన్‌ఏ మీద పట్టు జారిపోతుంది.

ఇనుము, రాగి వంటి లోహాలు ఉండగా ఈ పనికి జింక్ ఎందుకు కుదిరిందన్నదానికి రసాయన శాస్త్రంలో సమాధానం ఉంది. ఇనుము, రాగి అయాన్లు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాయి కాబట్టి వాటి చుట్టుపక్కల డీఎన్‌ఏను దెబ్బతీసే చురుకైన అణువులు పుట్టే ప్రమాదం ఉంది. జింక్ అయాన్‌లో ఎలక్ట్రాన్ల అర నిండి ఉంటుంది కనుక అది ఆ వ్యవహారంలోకి దిగదు. జన్యు పదార్థాన్ని ఆనుకుని ఉండవలసిన లోహానికి ఈ నెమ్మది అవసరం.

ఇక్కడ ఒక చిన్న వివరణ. నీళ్ల విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ బిళ్లలకూ, ఈ ప్రోటీన్లు డీఎన్‌ఏలో ఏ చోటును ఎంచుకుంటాయన్న దానికీ సంబంధం లేదు. లోహం అన్ని వేళ్లలోనూ ఒకటే. వేలికి వేలికి తేడా వచ్చేది హెలిక్స్ మీది అమైనో ఆమ్లాల వల్ల.

చదువు జరిగేది పెద్ద గాడిలో

డీఎన్‌ఏ మెలికకు రెండు గాళ్లు ఉంటాయి, ఒకటి వెడల్పైనది, మరొకటి ఇరుకైనది. రెండు పోగుల మధ్య ఉండే అక్షరాల జంటలు మెట్లలా పేర్చి ఉండగా, ఒక్కో మెట్టు అంచు ఈ గాళ్లలోకి కనబడుతుంది. ఆ అంచున కొన్నిచోట్ల హైడ్రోజన్‌ను ఇచ్చే సమూహాలు, కొన్నిచోట్ల తీసుకునే సమూహాలు, థైమిన్ ఉన్నచోట ఒక మిథైల్ బొడిపె ఉంటాయి. 1976లో సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ చూపించిన విషయం ఏమిటంటే, పెద్ద గాడి వైపు నుంచి చూస్తే ఏ–టీ, టీ–ఏ, జీ–సీ, సీ–జీ అనే నాలుగు జంటలకూ నాలుగు వేర్వేరు అంచులు ఉన్నాయి. చిన్న గాడి వైపు నుంచి చూస్తే ఏ–టీకీ టీ–ఏకీ తేడా దాదాపు చెరిగిపోతుంది, జీ–సీ, సీ–జీల సంగతీ అంతే. రెండు పోగులను విడదీయకుండానే, మూసి ఉన్న పుస్తకాన్ని పుటల అంచు చూసి చదివినట్టుగా, ప్రోటీన్ డీఎన్‌ఏను చదవగలగడానికి ఆధారం ఈ పెద్ద గాడే.

ఆల్ఫా హెలిక్స్ మందం ఈ గాడిలో ఇమడడానికి సరిపోతుంది. జింక్ ఫింగర్‌లో బీటా మడత వెనక నుంచి దన్నుగా నిలబడగా, హెలిక్స్ తన మొదటి కొసను గాడి లోపలికి దూర్చి కూర్చుంటుంది. ఆ కొస దగ్గరి అమైనో ఆమ్లాల శాఖలు కింద ఉన్న అక్షరాల అంచుల దాకా చేరతాయి. ఏ అక్షరానికి ఏది సరిపోతుందన్నదానిలో బాగా స్థిరపడిన జోడీలు కొన్ని ఉన్నాయి. ఆర్జినిన్ గ్వానిన్‌తో ఒకేసారి రెండు హైడ్రోజన్ బంధాలు వేసుకోగలదు. ఆస్పరజిన్ అడెనిన్‌తో అదే పని చేయగలదు. ఒక బంధమైతే పొరపాటుకు చోటుంటుంది, రెండు బంధాలు సరైన ఎడంతో పడాలంటే అక్షరం అదే అయి ఉండాలి.

1991 నాటి చిత్రం

ఇదంతా కళ్లకు కట్టింది 1991లో. నికోలా పావ్లెటిచ్, కార్ల్ పాబో కలిసి ఎలుకలోని జిఫ్268 అనే ప్రోటీన్ మూడు వేళ్లను డీఎన్‌ఏతో కలిపి స్ఫటికంగా చేసి, 2.1 ఆంగ్‌స్ట్రామ్ స్పష్టతతో దాని నిర్మాణాన్ని బయటపెట్టారు. ప్రోటీన్ పట్టుకున్న వరుస జీసీజీ–టీజీజీ–జీసీజీ. మూడు వేళ్లూ డీఎన్‌ఏ మెలికను అనుసరిస్తూ పెద్ద గాడి వెంబడి చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో వేలు ముందు వేలి కంటే మూడు మెట్లు ముందుకు జరిగి, సుమారు 96 డిగ్రీలు తిరిగి ఉంది. మూడు మెట్లకు డీఎన్‌ఏ మెలిక తిరిగే కోణం దాదాపు అంతే.

హెలిక్స్ మొదలయ్యే చోటును ఒకటిగా లెక్కపెడితే, అక్షరాలను తాకే స్థానాలు ముఖ్యంగా మూడు: హెలిక్స్‌కు ఒక అడుగు ముందున్న మైనస్ ఒకటి, మూడు, ఆరు. వీటిలో మైనస్ ఒకటి స్థానం మూడక్షరాల గుంపులో చివరి అక్షరాన్ని, మూడో స్థానం నడిమి అక్షరాన్ని, ఆరో స్థానం మొదటి అక్షరాన్ని చూసుకుంటాయి. అంటే ప్రోటీన్ డీఎన్‌ఏను ఎదురు దిశలో చదువుతుంది. మొదటి వేలు కూర్చునేది తొమ్మిది అక్షరాల వరుస చివర, మూడో వేలు కూర్చునేది మొదట్లో. జిఫ్268లో ఐదు ఆర్జినిన్లు ఐదు గ్వానిన్లతో రెండేసి బంధాలు, నడిమి వేలిలోని ఒక హిస్టిడిన్ మరొక గ్వానిన్‌తో ఒక బంధం, మొత్తం పదకొండు హైడ్రోజన్ బంధాలు ఈ గుర్తింపునకు ఆధారమని ఆ చిత్రం తేల్చింది. నడిమి వేలి ఆరో స్థానంలో ఉన్న థ్రియోనిన్ తన అక్షరాన్ని తాకనే తాకదు. ఆ చోట చదువు జరగలేదన్నమాట. ప్రకృతిలోని ప్రోటీన్ తన ప్రతి అక్షరాన్నీ సమానంగా పట్టించుకోవాలన్న నియమం లేదు.

వేలికీ వేలికీ మధ్య ఉండే చిన్న గొలుసు గురించి మామూలుగా ఎవరూ ఎక్కువ మాట్లాడరు గాని, దానికీ పాత్ర ఉంది. థ్రియోనిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, లైసిన్, ప్రోలిన్ అనే ఐదు అమైనో ఆమ్లాల ఆ వరుస వేల ప్రోటీన్లలో దాదాపు మారకుండా కనిపిస్తుంది. డీఎన్‌ఏ లేనప్పుడు అది వదులుగా ఊగుతూ ఉంటుంది. వేలు సరైన వరుస మీద కూర్చున్నాక ముందు వేలి హెలిక్స్ చివరకు మూత పెట్టినట్టు బిగుసుకుంటుంది. కణ విభజన సమయంలో ఆ గొలుసులోని థ్రియోనిన్‌కు ఫాస్ఫేట్ తగిలించడం ద్వారా కణం ఈ ప్రోటీన్లను డీఎన్‌ఏ మీద నుంచి లేపేస్తుంది.

గుణింతం కాదు, సంధి

జిఫ్268 చిత్రం వెలువడగానే శాస్త్రజ్ఞుల్లో ఒక ఆశ పుట్టింది. ఒక్కో వేలు మూడు అక్షరాలు చదువుతున్నదంటే, సాధ్యమైన మూడక్షరాల కలయికలు 64 మాత్రమే కనుక, 64 రకాల వేళ్లు తయారు చేసి పెట్టుకుంటే కోరిన వరుసకు కోరినట్టు గుచ్చుకోవచ్చు. హల్లు తెలిస్తే, గుడి, కొమ్ము తెలిస్తే ఏ అక్షరమైనా రాయగలిగే గుణింతం లాంటి ఏర్పాటు ఇది. 1994 నుంచి ఫేజ్ డిస్‌ప్లే పద్ధతిలో, అంటే కోట్ల రకాల వేళ్లను వైరస్‌ల ఉపరితలం మీద ప్రదర్శించి, కోరిన డీఎన్‌ఏకు అంటుకున్నవాటిని ఏరుకునే పద్ధతిలో, అనేక వేళ్లు తయారయ్యాయి. అదే ఏడాది క్లూగ్ బృందం ఒక రక్త క్యాన్సర్‌కు కారణమైన బీసీఆర్–ఏబీఎల్ జన్యువు అతుకును గుర్తించే మూడు వేళ్ల ప్రోటీన్‌ను రూపొందించి, ప్రయోగశాలలోని కణాల్లో ఆ జన్యువును అణచగలిగింది. ఆశ నిరాధారమైనది కాదని అది చూపించింది.

అయితే గుణింతం అనుకున్నది కొంత దూరం పోయాక సంధిగా తేలింది. ‘రాముడు’, ‘అతడు’ అనే మాటలు విడివిడిగా సరైనవే, పక్కపక్కన చేరితే ‘రాముడతడు’ అవుతాయి, మొదటి మాట చివరి ఉకారం నిలవదు. జింక్ వేళ్ల విషయంలోనూ సరిహద్దులో అలాంటిదే జరుగుతుంది. హెలిక్స్ రెండో స్థానంలో తరచుగా ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. అది ఒకవైపు మైనస్ ఒకటి స్థానంలోని ఆర్జినిన్‌ను కదలకుండా నిలబెడుతూనే, మరోవైపు తన మూడక్షరాల హద్దు దాటి, పక్క వేలి మొదటి అక్షరానికి ఎదుటి పోగులో జంటగా ఉన్న అక్షరాన్ని తాకుతుంది. కాబట్టి వేలు చదివేది కచ్చితంగా మూడు అక్షరాలు కాదు, నాలుగు, అందులో ఒకటి పొరుగుదానితో ఉమ్మడి. ఆ ఉమ్మడి స్థానంలో జీ గాని టీ గాని ఉంటేనే ఆస్పార్టిక్ ఆమ్లానికి ఎదుటి పోగులో పట్టు దొరుకుతుంది. ఏ, సీ ఉంటే ఒక చోట చక్కగా పనిచేసిన వేలు ఇక్కడ తడబడుతుంది.

దీనికి తోడు మరో రెండు చిక్కులున్నాయి. ఆర్జినిన్–గ్వానిన్ జోడీ అంత బలమైనది మిగతా అక్షరాలకు లేదు. అందువల్ల జీతో మొదలయ్యే మూడక్షరాలకు మంచి వేళ్లు త్వరగా దొరికాయి, మిగతా గుంపులకు దొరకడం కష్టమైంది. రెండోది కొలత సమస్య. వరుసగా గుచ్చిన వేళ్ల మలుపు, డీఎన్‌ఏ మెలిక మలుపు పూర్తిగా ఒకటి కావు. మూడు వేళ్ల దాకా ఆ తేడా బాధించదు. ఆరు వేళ్లను అదే ఐదు అమైనో ఆమ్లాల గొలుసుతో కలిపితే తేడా పోగై ప్రోటీన్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆరు వేళ్లను రెండేసి చొప్పున మూడు జట్లుగా చేసి, జట్ల మధ్య గొలుసును కొంచెం పొడిగిస్తే పట్టు మెరుగైందని క్లూగ్ బృందం 2001లో చూపింది. సహజ ప్రోటీన్లు కూడా ఈ ఇబ్బందిని తమ పద్ధతిలో తప్పించుకుంటాయి. టీఎఫ్‌3ఏలోని తొమ్మిది వేళ్లలో మొదటి మూడే ఒక వరుసను గట్టిగా పట్టుకుంటాయి, నాలుగోదీ ఆరోదీ అక్షరాలు చదవకుండా చిన్న గాడి మీదుగా వంతెనలా దాటిపోతాయి.

టొరంటో, న్యూయార్క్ పరిశోధకులు 2023లో ప్రకటించిన జెడ్‌ఎఫ్‌డిజైన్ అనే కృత్రిమ మేధ నమూనా ఈ సంధి సూత్రాన్ని ఒప్పుకోవడంతోనే మొదలైంది. వేళ్లను విడివిడిగా కాకుండా పక్కపక్క జంటలుగా పెట్టి తీసిన భారీ ప్రయోగ సమాచారంతో దానికి శిక్షణ ఇచ్చారు. ముప్పై ఏళ్ల పాటు చేతికి చిక్కీ చిక్కనట్టున్న పొరుగు ప్రభావాన్ని నియమంగా రాయడం మానేసి యంత్రానికి నేర్పించడమే దారి అయింది.

చిరునామా ఎంత పొడవుండాలి?

తొమ్మిది అక్షరాల వరుసలు మొత్తం 2,62,144 రకాలు. 320 కోట్ల అక్షరాల జన్యుపటంలో ఏదైనా ఒక తొమ్మిది అక్షరాల వరుస ఒక పోగు మీదే యాదృచ్ఛికంగా సుమారు 12 వేల చోట్ల తారసపడుతుంది. ఎంవీపీ కాలనీలో ఇంటికి రమ్మని సెక్టారు నంబరు మాత్రమే చెప్పినట్టు ఉంటుంది అది. 16 అక్షరాలకు వస్తే రకాలు 429 కోట్లు, 18 అక్షరాలకు 6,800 కోట్లకు పైబడి. లెక్క ప్రకారం ఒకే చోటు కావాలంటే ఆరు వేళ్లు ఉండాలి.

బీసీఎల్11ఏ ఆరు అక్షరాలతోనే ఎలా నెగ్గుకొస్తున్నదన్న ప్రశ్న ఇక్కడ న్యాయంగానే వస్తుంది. కణంలో డీఎన్‌ఏ అంతా తెరిచి ఉండదు. అధిక భాగం హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని మూసుకుని ఉంటుంది కనుక పోటీపడే చోట్లు లెక్కలో ఉన్నన్ని వాస్తవంలో ఉండవు. పక్కనే కూర్చునే తోడు ప్రోటీన్లు, ఆ కణంలో ప్రోటీన్ ఎంత పరిమాణంలో ఉందన్నది, ఒకే వరుస పక్కపక్కన రెండుసార్లు ఉండడం, ఇవన్నీ ఎంపికను బిగిస్తాయి. సైటోసిన్‌కు కణం తగిలించే మిథైల్ గుర్తు కూడా చిరునామాలో భాగమే. సీటీసీఎఫ్ అనే పదకొండు వేళ్ల ప్రోటీన్‌ను కొన్ని చోట్ల ఆ గుర్తు కూర్చోనివ్వదు. జెడ్‌ఎఫ్‌పీ57కు మాత్రం ఆ గుర్తు ఉంటేనే చోటు నచ్చుతుంది.

వెతికే తీరు కూడా ఆసక్తికరమైనదే. ధనావేశం ఉన్న ప్రోటీన్ ఋణావేశం ఉన్న డీఎన్‌ఏ వెన్నెముకకు ముందు వదులుగా అంటుకుని, దాని వెంట జారుతూ, మధ్యమధ్య ఒక పోగు నుంచి మరొక పోగుకు దాటుతూ పోతుంది. జిఫ్268 ఇలా వెతికే దశలో మూడు వేళ్లనూ ఒకేలా ఆనించదు, మొదటి వేలు చాలావరకు పైకి లేచి ఊగుతూ ఉంటుంది. మూడూ దిగి బిగుసుకునేది సరైన వరుస దొరికినప్పుడే. అన్నీ మొదటి నుంచీ గట్టిగా పట్టుకుని ఉంటే వెతుకులాట ఒక్కో తప్పు చోట ఆగిపోతూ సాగుతుంది.

మనిషిలో ఏడు వందలకు పైగా

సిస్టీన్–హిస్టిడిన్ రకం జింక్ ఫింగర్ జన్యువులు మనిషిలో ఏడు వందలకు పైగా ఉన్నాయి. డీఎన్‌ఏకు అతుక్కుని జన్యువులను నడిపే ప్రోటీన్లలో ఇంత పెద్ద కుటుంబం మరొకటి లేదు. వీటిలో సగానికి దగ్గరగా ఉన్నవాటికి క్రాబ్ అనే అణచివేత భాగం ఉంటుంది. జన్యుపటంలో ఒక చోటు నుంచి మరొక చోటుకు దూకే పాత జన్యు శకలాలను మూసి ఉంచడం ఈ జట్టు ముఖ్య బాధ్యత. శకలం తన అక్షరాలు మార్చుకుని తప్పించుకుంటే, కాలక్రమంలో వేళ్లలోని అమైనో ఆమ్లాలు మారి మళ్లీ పట్టుకుంటాయి. జెడ్‌ఎన్‌ఎఫ్91, జెడ్‌ఎన్‌ఎఫ్93 అనే రెండింటి విషయంలో 2014లో ఈ పోటీకి స్పష్టమైన ఆధారాలు దొరికాయి. మూడు నాలుగు అమైనో ఆమ్లాలు మారితే చాలు కొత్త చిరునామా దొరికే నిర్మాణం కాబట్టే పరిణామంలో ఈ కుటుంబం ఇంతగా విస్తరించగలిగింది. ఇంజనీరుకు తలనొప్పి అయిన నిర్మాణమే ప్రకృతికి వరమైంది.

కత్తెరగా మారిన వేళ్లు

జన్యు కత్తెర అనగానే క్రిస్పర్ గుర్తుకొస్తుంది గాని, మొదట కోరిన చోట కత్తిరించింది జింక్ వేళ్లే. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో శ్రీనివాసన్ చంద్రశేఖరన్ బృందం 1996లో జింక్ వేళ్లకు ఫోక్‌1 అనే ఎంజైములోని కోత భాగాన్ని అతికించింది. ఫోక్‌1 జంటగా ఉన్నప్పుడే కోస్తుంది, కాబట్టి లక్ష్యానికి రెండు పక్కలా రెండు ప్రోటీన్లు వాలాలి. చిరునామా పొడవు దానితో రెట్టింపయింది. హెచ్‌ఐవీ కణంలోకి చొరబడడానికి వాడుకునే సీసీఆర్5 ద్వారాన్ని ఈ పద్ధతిలో చెడగొట్టిన రక్తకణాలను 12 మంది రోగులకు ఎక్కించిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

ఆ లోపే పోటీదారులు వచ్చారు. మొక్కల బ్యాక్టీరియాలో దొరికిన టేల్ ప్రోటీన్లలో ఒక్కో ముక్క ఒక్కో అక్షరాన్నే చదువుతుందని 2009లో తేలింది. పొరుగు ప్రభావం చాలా తక్కువ, అచ్చమైన గుణింతం. 2012లో వచ్చిన క్రిస్పర్ అసలు ప్రోటీన్‌తో చదవడమే మానేసింది. అది రెండు పోగులను విడదీసి, సుమారు 20 అక్షరాల ఆర్‌ఎన్‌ఏను ఒక పోగుతో జతకట్టిస్తుంది. ఏ–టీ, జీ–సీ నియమం తెలిసిన ఎవరైనా ఆ ఆర్‌ఎన్‌ఏను రాయగలరు, లక్ష్యం మారితే ఆర్‌ఎన్‌ఏ మార్చుకుంటే సరిపోతుంది. జింక్ వేళ్ల విషయంలో లక్ష్యం మారిన ప్రతిసారీ ప్రోటీన్‌ను కొత్తగా మలచాలి. ప్రయోగశాలలు క్రిస్పర్ వైపు మళ్లడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కరలేదు.

అయినా పాత పనిముట్టుకు రెండు చోట్ల పైచేయి ఉంది. క్రిస్పర్‌లో కోత పని చేసే కాస్9 ప్రోటీన్ ఒక్కటే 1,368 అమైనో ఆమ్లాలది, ఆరు వేళ్లు కలిపినా రెండు వందల లోపే. చికిత్సను కణంలోకి మోసుకెళ్లే వైరస్‌లో చోటు తక్కువ కనుక పరిమాణం ముఖ్యం. పైగా కాస్9 బ్యాక్టీరియా నుంచి వచ్చినది, వేళ్ల నమూనా మన శరీరానిదే. మైటోకాండ్రియా విషయంలోనైతే బయటి ఆర్‌ఎన్‌ఏను లోపలికి పంపడమే కష్టం, అక్కడి డీఎన్‌ఏను సవరించే ప్రయత్నాలు టేల్, జింక్ వేళ్ల ప్రోటీన్లతోనే సాగుతున్నాయి.

మన్యం రక్తం, ఆరు అక్షరాలు

సికిల్ సెల్ వ్యాధికి మూలం బీటా గ్లోబిన్‌లో ఒక్క అక్షరం తేడా. జీఏజీ ఉండవలసిన చోట జీటీజీ ఉండడంతో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి చేరుతుంది. గర్భస్థ హిమోగ్లోబిన్‌లో బీటాకు బదులు గామా గొలుసు ఉంటుంది కనుక అది తయారవుతున్నంత కాలం వ్యాధి బయటపడదు. ఈ మార్పిడి వెనక బీసీఎల్11ఏ ఉందని స్టువర్ట్ ఆర్కిన్ బృందం 2008లో చూపింది. ఆ ప్రోటీన్ నాలుగు, ఐదు, ఆరు సంఖ్యల జింక్ వేళ్లతో గామా గ్లోబిన్ జన్యువు ప్రారంభానికి సుమారు 115 అక్షరాల ముందున్న టీజీఏసీసీఏ అనే వరుసను పట్టుకుంటుందని 2018లో తేలింది. పెద్దయ్యాక కూడా గర్భస్థ హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉండే అరుదైన కుటుంబాలు కొన్ని వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. వారిలో కొందరి జన్యు మార్పు సరిగ్గా ఈ ఆరు అక్షరాల్లోనే ఉంది. అక్షరం మారింది, వేలికి పట్టు దొరకలేదు, జన్యువు మూతపడలేదు. క్రిస్పర్ చికిత్స సాధించేదీ ఇదే ఫలితం, కాకపోతే అక్షరాలను మార్చకుండా వేలి సరఫరానే తగ్గిస్తుంది.

అమెరికాలో ఆ చికిత్స ధర 22 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో 18 కోట్ల రూపాయలకు పైనే. రోగి మూలకణాలను తీసి, సవరించి, ఎముక మజ్జను కీమోథెరపీతో ఖాళీ చేసి మళ్లీ ఎక్కించాలి. పాడేరు రోగికి ఇప్పటికి అందుబాటులో ఉన్నది హైడ్రాక్సీయూరియా అనే మందు. గర్భస్థ హిమోగ్లోబిన్‌ను కొంతవరకు పెంచడం దాని గుణాల్లో ఒకటి.

ఈ రెండింటికీ నడుమ మరో దారి తెరుచుకుంటోంది, అదీ జింక్ వేళ్ల మీదుగానే. థాలిడోమైడ్ కుటుంబం మందులు సెరెబ్లాన్ అనే కణ ప్రోటీన్‌ను కొన్ని జింక్ వేళ్లకు అతికించి, ఆ వేళ్లున్న ప్రోటీన్‌ను కణం చేతే నాశనం చేయిస్తాయని గత దశాబ్దంలో తెలిసింది. మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగులకు ఆ కుటుంబంలోని లెనలిడోమైడ్ పనిచేసేది ఇకరోస్ అనే జింక్ ఫింగర్ ప్రోటీన్‌ను అలా తొలగించే. గర్భిణులు వాడినప్పుడు థాలిడోమైడ్ పిల్లల్లో కలిగించిన వైకల్యాలకు సాల్4 అనే మరో జింక్ ఫింగర్ ప్రోటీన్ నాశనం ముఖ్య కారణమని 2018లో గుర్తించారు. అదే సూత్రంతో విజ్ అనే జింక్ ఫింగర్ ప్రోటీన్‌ను తొలగించే చిన్న అణువు ఎలుకల్లోనూ కోతుల్లోనూ గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచిందని 2024లో పరిశోధకులు ప్రకటించారు. ఆసుపత్రిలో వారాల తరబడి ఉండి చేయించుకునే కణ చికిత్సకూ, పరవాడ ఫార్మా సిటీలో తయారయ్యేలాంటి మాత్రకూ ఉన్న తేడా మన్యం రోగికి విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ మాత్ర మనిషిలో ఎంత సురక్షితమన్నది ప్రధానంగా ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుంది: ఒకే అచ్చులో పోసినట్టుండే ఏడు వందల పైచిలుకు ప్రోటీన్లలో అది విజ్ వేలిని మాత్రమే పట్టుకుని, సాల్4 వంటివాటిని వదిలేయగలగాలి.